వేలు పట్టేంత సందు

శాంతిరాజ్ వేలు కేబులుకు బిగుసుకుపోయి అరిచిన పొద్దున మేమందరం అక్కడే ఉన్నాం. ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. బొగ్గు బెల్టు పక్కన ఇనుప మెట్ల మీద నిలబడి, ఎడమ చెయ్యి పైకెత్తి, చూపుడు వేలు నల్ల కేబులుతో కలిసి నైలాన్ ట్యాగు కింద నలిగిపోతుంటే మనిషి అరుస్తున్నాడు. బెల్టు ఆగలేదు. బొగ్గు ముందు, మనిషి వెనక. మా ఓపెన్‌కాస్టు గనిలో ఈ వరుస ఎన్నడూ తప్పలేదు.

శాంతిరాజ్ మా కేబుల్ గ్యాంగు మనిషి. గ్యాంగంటే గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం, ఆడా మగా కలిసి పనిచేస్తాం. గని కంపెనీది, బెల్టు కంపెనీది, దుమ్ము మాది. మేము కంపెనీ మనుషులం కాము. రఘుపతి అనే కాంట్రాక్టరు మనుషులం. బెల్టు పొడవునా పోయే కరెంటు కేబుళ్లను సర్ది, కుదురుగా కలిపి, ట్యాగులతో, అంటే ఒకసారి బిగిస్తే కోస్తే తప్ప ఊడని నైలాన్ పట్టీలతో, కట్టడం మా పని.

ఆ కట్టుకు మాకో పద్ధతి ఉంది. ట్యాగు చుట్టేటప్పుడు కేబులు మీద చూపుడు వేలు ఆనించి పెడతాం. వేలి మీదుగా ట్యాగు గుంజి, తర్వాత వేలు తీసేస్తాం. వేలు పట్టేంత సందు మిగులుతుంది. ఎండాకాలం ఇక్కడ ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. కేబులూ ఉబ్బుతుంది. పైగా బెల్టు అదురు. సందు లేకపోతే కేబులు ఒరుసుకొని పాడవుతుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాడికి మొదటి రోజే చెబుతాం, "వేలు పెట్టి కట్టు" అని. కొన్నేళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముద్ద దగ్గరికొస్తే నోరు తెరుచుకున్నట్టు వేలు దానంతట అదే పోతుంది.

రఘుపతి హైదరాబాదు నుంచి ట్యాగులు కట్టే గన్ను తెచ్చాడు. బ్యాటరీతో నడిచేది. ముందర కొంగ ముక్కులా తెరుచుకునే దవడ. దాన్ని కేబుళ్ల చుట్టూ మూసి మీట నొక్కితే ట్యాగు తానే చుట్టుకుంటుంది, తానే బిగుస్తుంది, మిగిలిన తోక తెగి కింద పడుతుంది. రెప్పపాటు పని. దాని మీద మాకేమీ పగ లేదు. గుంజీ గుంజీ కీళ్లు అరిగిన వాళ్లం.

"గిది మొదలే వచ్చుంటె నా చేతులు గిట్ల వంకరపోకపోవు" అంది సారక్క, గన్నును పసిపిల్లను నిమిరినట్టు నిమిరి. సారక్క మా గ్యాంగులో అందరికంటే పాత మనిషి. నోరు కూడా అంతే పాతది, అంతే పదును.

గన్ను వచ్చిన రోజే రఘుపతి మా కటింగ్ ప్లేయర్లన్నీ గుంజుకున్నాడు. "గన్నే కోసుకుంటది గద, మీకు ప్లేయర్లెందుకు? రాగి తీగలు కొయ్యనీకా?" అని నవ్వాడు. దుబ్బుమీసాల మనిషి నవ్వితే మీసమే నవ్వుతుంది, మొహం నవ్వదు. ప్లేయర్లను ఇనుప పెట్టెలో వేసి తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గన్ను వాడకం నేర్పడానికి ఎవరో వస్తారన్నాడు. ఎవరూ రాలేదు. వచ్చిందల్లా డబ్బా మీద బొమ్మ. ఆ బొమ్మలో మనిషికి ఒక్కటే చెయ్యి ఉంది. అప్పుడైనా మాకు అనుమానం రావలసింది.

శాంతిరాజ్ కుడిచేత్తో గన్ను పట్టాడు. ఎడమచేతి వేలు, దాని అలవాటు ప్రకారం, కేబులు మీదికి పోయింది. గన్నుకు వేలేదో కేబులేదో ఏం తెలుస్తుంది? చుట్టింది, బిగించింది, తోక తెంచింది.

"కొయ్యుండ్రే! కొయ్యుండ్రి!"

"ఏంతోని కొయ్యాలెరా!" అంటూ శాంతిరాజ్ తమ్ముడు యేసుకుమార్ పళ్లతో కొరికి చూశాడు. ట్యాగు కండలోకి దిగిపోయింది, పంటికి అందలేదు. మా జేబుల్లో బ్లేడు ముక్క కూడా ఉండదు. గేటు దగ్గరే తడిమి చూసి లోపలికి వదులుతారు.

సూపర్‌వైజరు రఘుపతికి సొంత బావమరిది. ఫోను చెవికి ఆనించుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "తాళంచెవి బావ దగ్గరుంది. బావ మంచిర్యాలల ఉండు. వస్తుండు, వస్తుండు."

"వచ్చేదాంక బెల్టన్న ఆపు సారూ. అదురుకు వేలు ఇంక నలుగుతది" అన్నాను నేను.

"నీకు దిమాక్ ఉందా సదయ్యా? బెల్టు ఆపితె మీదికెల్లి ఫోన్లొస్తయి. వ్యాగన్లు నిండాలె."

బెల్టు పక్క పొడవునా ఒక తాడు ఉంటుంది. ఆపదలో ఎవరైనా దాన్ని గుంజితే బెల్టు ఆగిపోతుంది. ఎవరైనా అంటే, కాంట్రాక్టు మనిషి తప్ప ఎవరైనా. మావాడు దాన్ని ముట్టుకుంటే మర్నాడు గేటు లోపలికి రాలేడు. ఈ మాట ఏ బోర్డు మీదా లేదు కానీ అందరికీ తెలుసు. తెలిసే మేమంతా మగాళ్లం, మీసాలున్నవాళ్లం, ఆ తాడు వంక చూస్తూ నిలబడ్డాం. సారక్క చూడలేదు. చీర కొంగు నడుముకు దోపి రెండు చేతులా గుంజింది.

బెల్టు ఆగింది. ఎందుకు ఆగిందో చూద్దామని కంపెనీ ఫిట్టరు ఎల్లేశం పరిగెత్తుకొచ్చాడు. మనిషి అరుపుకు రానివాళ్లు బెల్టు మౌనానికి వస్తారు. అతని దగ్గర ప్లేయరుంది. కోశాడు. అప్పటికే వేలు కాల్చిన వంకాయలా ఉంది. దవాఖానలో సగానికి తీసేశారు.

సాయంత్రం రఘుపతి దిగాడు. కారులోంచి కాలు బయట పెట్టకుండానే తీర్పు చెప్పాడు. "వేలెవనిది? వానిది. పెట్టిందెవడు? వాడు. గన్ను రమ్మన్నదా? గిది డ్యూటీ ప్రమాదం కాదు. ఆ తాడు గుంజిన ముసల్దాన్ని రేపటి నుంచి రావద్దను."

డ్యూటీ మీద వేలు పోయిందని రఘుపతి రాస్తేనే శాంతిరాజ్‌కు వైద్యం, పరిహారం, మళ్లీ పని. రాయకపోతే ఆ వేలు ఇంట్లో ఉల్లిగడ్డ కోస్తుంటే పోయినట్టే లెక్క. సగం వేలుతో కేబుల్ పని ఇంకెవరిస్తారు? ఇంట్లో భార్య లిల్లీ, బడికి పోయే ఇద్దరు పిల్లలు.

మేము యూనియన్ నాయకుడు ముత్యం దగ్గరికి పోయాం. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు, నాలుగు ఉంగరాలు. ఉంగరాలు పెట్టుకోవడానికి ఆయన వేళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

"తొందరపడకుండ్రి తమ్మీ. యూనియన్ ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి. అయిపోనీ, మాట్లాడుదం. అయినా మీరు కాంట్రాక్టోళ్లు, మా లెక్కల రారు."

"మీటింగులకు జనం తక్కువైతె లారీలల్ల తోలుకపోయినప్పుడు లెక్కల ఉంటిమి గదనే?" అంది సారక్క.

ముత్యం ఒక ఫోను ఎత్తి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ ఫోను మోగలేదు.

ఆదివారం చర్చి విడిచాక శాంతిరాజ్ ఇంటి ముందు కూడాం. సెంటినరీ కాలనీ క్వార్టర్ల వెనక రేకుల ఇళ్లు, అక్కడ. యేసుకుమార్ నిలబడలేకపోతున్నాడు.

"గన్నును తీసి బెల్టు మీద ఏస్త. బొగ్గుతోని పిండైతది. పీడ పోతది."

"ఇంకోటి తెస్తడు. నువ్వు జైలుకు పోతవు. కొత్త గన్ను పట్టనీకి ఇంకో శాంతిరాజు వస్తడు" అంది సారక్క.

"మరేం జేద్దాం? దండం పెడుదమా?"

శాంతిరాజ్ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "గన్ను మీద నాకు కోపం లేదుర తమ్మీ. దానికేం తెలుసు. నేను మొత్తుకుంటుంటె బెల్టు నడిచింది సూడు, గా సప్పుడు పోతలేదు. కన్ను మూస్తె గదే సప్పుడు."

లిల్లీ చాయ్ గ్లాసులు అందించడం ఆపింది.

సారక్క రైక సందులోంచి ట్యాగు ఒకటి తీసింది. పనిలో అలా దోపుకోవడం మా ఆడవాళ్ల అలవాటు. దాన్ని వేలికి చుట్టి విప్పుతూ అంది, "ప్లేయర్లన్ని వాని పెట్టెల ఉన్నయి. ట్యాగులు మాత్రం సంచులకు సంచులు మన చేతుల్నే ఉన్నయి. వాడు మనల్ని కట్టేసిండు గద. మనమే కట్టేసుకుంటె?"

"పోలీసోళ్లొస్తె?"

"రానీ. కొయ్యమను. ఏంతోని కోస్తరో నేను గూడ సూస్త."

మొదట యేసుకుమార్ నవ్వాడు. తర్వాత అందరం.

దసరాకు గని మీద ఆయుధ పూజ. ఆ ఒక్కరోజు ఇంటిల్లిపాదికీ గేటు తెరిచే ఉంటుంది. పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టి వరసగా పేరుస్తారు. హారతి అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టరు. శాంతిరాజ్‌లాంటి క్రైస్తవులు ఆ సమయానికి పక్కకు జరిగి, వేటమాంసం వేళకు వచ్చి కలుస్తారు. ఎవరికీ తగాదా లేదు. ఈసారి మా పనిముట్ల స్థలం ఖాళీ. అవి పెట్టెలో ఉన్నాయి కదా. వాటి జాగాలో రఘుపతి ఎర్ర కుర్చీ వేయించి, దాని మీద పట్టుగుడ్డ పరిచి, గన్నును కూర్చోబెట్టాడు. బంతిపూల దండ, దవడకు నిమ్మకాయ, పిడికి పసుపు కుంకుమ. వేలు తిన్న దాన్ని దేవతను చేశాడు, వేలు పోయినవాణ్ని దోషిని చేశాడు. తాను పట్టుపంచె కట్టి, కంపెనీ ఆఫీసరు పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పైవాళ్ల ముందు వంగిన నడుము మా ముందుకొచ్చేసరికి ఎలా నిటారవుతుందో, అది ఏ డాక్టరూ చెప్పలేని రోగం.

పూజారి గంట ఎత్తే వేళకు మేము బెల్టు మీదికెక్కే మెట్ల దగ్గర చేరాం. పూజకు ఆపిన బెల్టును మళ్లీ నడపాలంటే పైకి దారి అదొక్కటే. ఒకరి మణికట్టును ఒకరం మెట్ల కమ్మీకి కట్టాం. వేలు పెట్టి కట్టాం. సారక్కను నేను కట్టాను, నన్ను లిల్లీ కట్టింది, లిల్లీని శాంతిరాజ్ తన మంచి చేత్తో కట్టాడు. అడుగు నుంచి పైమెట్టు దాకా మనుషుల తడక.

"ఏందిది?" రఘుపతి పంచె ఎత్తిపట్టి పరిగెత్తుకొచ్చాడు. "ఇప్పుకోండ్రి!"

"ట్యాగు ఇప్పెటిది కాదు సారూ. తెచ్చినోనివి, నీకు తెల్వదా?" అంది సారక్క. "శాంతిరాజ్ వేలు డ్యూటీల పోయిందని అందరి ముందట రాయి. మా ప్లేయర్లు మాకియ్యి. గన్ను నేర్పినంకనే చేతికియ్యి. గంతే."

"కొయ్యుండ్రిరా వీళ్లని!"

"ఏంతోని బావా?" అన్నాడు బావమరిది. "తాళంచెవి?"

రఘుపతి నడుము తడుముకున్నాడు. పంచెకు జేబు లేదు. తాళంచెవి ప్యాంటులో ఉంది, ప్యాంటు మంచిర్యాలలో ఉంది. మెట్ల మీంచి నవ్వు లేచింది. కంపెనీ కార్మికుల వరసలో కూడా ఎవరో కిసుక్కుమన్నారు.

"ఫికర్ చెయ్యకు సారూ" అంది సారక్క. "శాంతిరాజ్ ఆగలేదా? మేం గూడ ఆగుతం."

రఘుపతి గుమ్మడికాయ కోసే కత్తి అందుకొని మా మీదికొచ్చాడు. ఆఫీసరే పట్టుకొని ఆపాడు. మా మీద జాలితో కాదు, చుట్టూ సెల్‌ఫోన్లు లేచాయి, అందుకు.

పోలీసులు వచ్చారు. ఎస్సై గడ్డపారతో పెట్టె పగలగొట్టించాడు. మా ప్లేయర్లు బయటపడ్డాయి, తుప్పు మొదలైంది వాటికి. కానిస్టేబుళ్లు కింది మెట్టు మీద కోస్తుంటే పై మెట్టు మీద మేము మళ్లీ కట్టుకున్నాం. ఒక్కొక్కరినీ కోసి, లాగి, వ్యాను దగ్గరికి ఈడ్చారు. యేసుకుమార్ చొక్కా చిరిగింది. సారక్క జుట్టు పట్టి గుంజారు. ఆమె ఎస్సైని అతని వంశంతో సహా దీవించింది. ఆ దీవెనలు ఇక్కడ రాయను.

సంకెళ్లు చాలలేదు. "గా ట్యాగులతోనే కట్టుండ్రి చేతులు" అన్నాడు ఎస్సై.

శాంతిరాజ్ ముందు నిలబడ్డ కానిస్టేబులు మీసాలు సరిగా రాని కుర్రాడు. శాంతిరాజ్ చేతులు చాపాడు. కట్టులోంచి సగం వేలు కనబడుతోంది.

"మీ నాయిన ఏ గనిల చేసిండు బిడ్డా?"

కుర్రాడు అతని మణికట్లు దగ్గరికి చేర్చాడు. ట్యాగు చుట్టాడు.

"గట్టిగ గుంజవయా!" అరిచాడు ఎస్సై.

"గుంజిన సార్" అన్నాడు కుర్రాడు. గుంజే ముందు తన చూపుడు వేలు కింద పెట్టాడు. గుంజాక మెల్లగా తీసుకున్నాడు. ఎలాంటివాళ్ల కొడుకో మాకు తెలిసిపోయింది.

మమ్మల్ని వ్యానులో కుక్కి తలుపు వేశారు. మెట్లు ఖాళీ అయ్యాయి. ఆఫీసరు చేయి ఊపాడు. ఎల్లేశం, వాళ్ల షిఫ్టు మనుషులు, తల వంచుకొని మెట్లెక్కారు. మా వైపు చూడలేదు. సైరన్ మోగింది. బెల్టు కదిలింది. ఆ చప్పుడు వినగానే శాంతిరాజ్ కళ్లు మూసుకున్నాడు. లిల్లీ అతని భుజానికి తల ఆనించింది. "గంతేనా?" అన్నాడు యేసుకుమార్, ఏడుపు గొంతుతో.

వ్యాను ఇంకా గేటు దాటలేదు. బెల్టు ఆగిపోయింది.

కిందనుంచి ఎవరో అరిచారు. మళ్లీ నడిపించారు. మళ్లీ ఆగింది. ఈసారి ఇంకో చోట. తాడు చాలా పొడుగు. దాని పక్కన కంపెనీ మనుషులు నిలబడ్డారు, చేతులు జేబుల్లో పెట్టుకొని, ఏమీ ఎరగని మొహాలతో. "ఎవడు గుంజిండు?" అని ఆఫీసరు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఎల్లేశం ఆకాశం వంక చూస్తున్నాడు, అక్కడ కాకులు తప్ప ఏమీ లేవు.

రఘుపతి ఫోను మోగింది. ఆఫీసరు ఫోను మోగింది. మీదికెల్లి వచ్చే ఫోన్లు. వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. వ్యాను వెనక జాలిలోంచి చూస్తే, పట్టుపంచెలో రఘుపతి ఒక చెవిలో ఫోను పెట్టుకొని "సార్, సార్" అంటూ వంగిపోతున్నాడు. అతని వెనక ఎర్ర కుర్చీలో, మెడలో దండతో, గన్ను మర్యాదగా కూర్చొని ఉంది.

శాంతిరాజ్ కళ్లు తెరిచి వ్యాను జాలికి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే విన్నాడు.

"ఆగింది" అన్నాడు.

"ఇగ రాస్తడు" అంది సారక్క. "రాయకపోతె, తాడు ఆడ్నే ఉంటది."