సైటు ఒక్క నిమిషం కూడా ఆగలేదు

నేను ఒక సర్వర్‌ని. మీరు ఫోనులో ఏదైనా వెబ్‌సైటు తెరిచినప్పుడు, మీరు అడిగిన పేజీని పంపించే యంత్రాన్ని. సైటు గాలిలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఎక్కడో ఒక గదిలో, నాలాంటి ఇనప డబ్బాలో ఉంటుంది. ఆ గది ఎవరిది, ఆ డబ్బాను చూసుకునేది ఎవరు అని అడిగేవాళ్ళు తక్కువ. ఒకావిడ అడిగింది. అడిగి, ఆలోచించి, మమ్మల్ని ఎంచుకుంది.

ఏ దేశంలో తయారయ్యానో ఒకప్పుడు నా వీపు మీద స్టిక్కరు ఉండేది. నా రెండో యజమాని దాన్ని చాకుతో గీకేశాడు, కొత్తదానిలా కనిపించాలని. నా మొదటి కొలువు హైదరాబాదులో ఒక షేర్ల కంపెనీలో. అక్కడ నేను పంపిన అంకె పెరిగితే నన్నెవరూ తలుచుకునేవారు కాదు. తగ్గితే మాత్రం సర్వర్ చచ్చిందిరా అని తిట్టేవారు. కంపెనీ మూతపడ్డాక కుర్చీలతో, టీ ఫ్లాస్కులతో కలిపి నన్ను వేలం వేశారు. అలా విజయవాడ చేరాను, ఫణీంద్ర చేతికి.

ఫణీంద్ర కంపెనీ పేరు అచల హోస్టింగ్. హోస్టింగ్ అంటే ఇతరుల సైట్లను తన యంత్రాల్లో అద్దెకు ఉంచడం, అచల అంటే కదలనిది. ఒక బ్యాంకు పైన మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో ఆయన, వెనక గదిలో మేము. ఆయన చెడ్డవాడు కాదు. పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టేవాడు. తన దగ్గర పనిచేసే ప్రభుదాసు తల్లికి గుండె ఆపరేషనైతే ఆసుపత్రి గుమ్మం దగ్గర రాత్రంతా కూర్చున్నాడు. ఆయనకు ఉన్నదల్లా ఒక భయం. ఎవరైనా ఫోన్ చేసి "మా సైటు పనిచెయ్యట్లేదండీ" అంటే చాలు, అరచేతులకు చెమటలు పట్టేవి. మనుషుల్లో దుర్మార్గులకంటే భయస్తుల చేతిలో ఉండటమే ప్రమాదమని నాకు అప్పటికి తెలియదు.

నాగవల్లి మెట్లెక్కి వచ్చింది ఒక శనివారం మధ్యాహ్నం. నలభై దాటిన మనిషి, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న దీవి ఊళ్ళలో సైన్సు టీచరు. ఆ ఊళ్ళలో పొలాల నిండా పాములు. కరిచినవాళ్ళను మోసుకుపోవడానికి రెండే ఆసుపత్రులు, అటు చివర రేవు ఆసుపత్రి, ఇటు చివర కరకట్ట ఆసుపత్రి. విరుగుడు మందు ఒకదానిలో ఉంటే ఇంకోదానిలో ఉండదు. లేనిచోటికి వెళ్ళి, ఉన్నచోటికి వెళ్ళేలోగా దారిలోనే చచ్చిపోయేవాళ్ళు. ఆవిడ విద్యార్థి తండ్రి ఒకాయన అలాగే పోయాడు. అప్పటి నుంచి ఆవిడ తెల్లవారగానే రెండు ఆసుపత్రులకూ ఫోన్ చేసి, మందుందా అని కనుక్కుంటోంది. బడిలో ఫోను ఆపేసి ఉంచాలి కాబట్టి, తను కనుక్కున్నది అందరూ చూసేలా ఒక సైటులో పెట్టాలని అనుకుంది. పాత విద్యార్థి ఒకడు తయారుచేసి ఇచ్చాడు. దాని పేరు పాము మందు. ఒకటే పేజీ. పైన ఆనాటి తేదీ దానంతటదే మారుతుంది. కింద ఏ ఆసుపత్రిలో మందు ఉందో నాగవల్లి రాస్తుంది. అంతే.

"ఇంత దూరం ఎందుకొచ్చారక్కా, ఫోన్ చేస్తే సరిపోయేదిగా," అన్నాడు ఫణీంద్ర కుర్చీ చూపిస్తూ.

"చూసి పోదామని వచ్చానండీ. విదేశీ కంపెనీ ఒకటి మంచిదని అందరూ చెబుతున్నారు. కానీ ఏదన్నా అయితే ఇంగ్లీషులో మెయిల్ రాసి కూర్చోవాలంట. మా ఊళ్ళో పాము కరిచినవాడు ఆ జవాబు వచ్చేదాకా ఆగడు కదా. ఫోనెత్తి తెలుగులో మాట్లాడే మనిషి కావాలి నాకు."

"నేనున్నాను కదక్కా."

ఆవిడ కూర్చోలేదు. వెనక గదిలోకి వచ్చి మమ్మల్ని చూసింది. కరెంటు పోతే ఏం చేస్తారని అడిగింది. ఫణీంద్ర కిటికీలోంచి కింద ఉన్న పెద్ద జనరేటర్ని చూపించాడు. అది బ్యాంకు వాళ్ళది. మాదని ఆయన అనలేదు, కాదనీ అనలేదు. చూపించాడంతే. డిస్కు పాడైతే మా సమాచారం పోతుందా అని అడిగింది. ఆయన నా ముందు మూత తీసి, పక్కపక్కన ఉన్న రెండు డిస్కులు చూపించాడు. ఒకదానిలో రాసింది అదే క్షణంలో రెండోదానిలోనూ పడుతుంది, ఒకటి చచ్చినా ఇంకోటి ఉంటుంది. అది ఆ రోజుకు నిజమే. సైటు ఆగిపోతే ఎంతసేపట్లో లేపుతారని అడిగింది. టీ తాగేలోపు అన్నాడు.

ఆవిడ అన్నీ అడిగింది. ఏదన్నా పాడైతే నాకు చెబుతారా అని మాత్రం అడగలేదు. అలా అడగాలని ఎవరికి తోస్తుంది? చెప్పకుండా ఎందుకుంటారు?

రెండేళ్ళు బాగానే గడిచింది. నాలో ఉన్న సైట్లలో చీరల కొట్టుది, పెళ్ళిళ్ళ పేరయ్యది, కోచింగ్ సెంటరుది ఉన్నాయి. వాటిని రోజంతా ఎవరో ఒకరు ఊరికే తెరిచి చూసేవారు. పాము మందును ఊరికే తెరిచేవారు కారు. తెరిస్తే రెండు మూడుసార్లు గబగబా తెరిచి, తర్వాత నిశ్శబ్దం. పంటల కాలంలో ఎక్కువ. ఎంతమంది బతికారో నాకు తెలియదు. సంక్షేమ హాస్టలు వార్డెను ఒకాయన ఫోన్ చేసి తమ పిల్లవాడు బతికాడని ఫణీంద్రకు కృతజ్ఞతలు చెప్పాడు. ఫణీంద్ర ఆ సంగతి నెల రోజులు అందరికీ చెప్పుకున్నాడు.

తర్వాత ఒక రియలెస్టేట్ కంపెనీ వచ్చింది. వెంచర్ల వీడియోలు పెట్టాలి, చాలా చోటు కావాలి, వెంటనే కావాలి. ఫణీంద్ర నా రెండో డిస్కును లాగించి వాళ్ళ కోసం ఇంకో యంత్రంలో పెట్టించాడు.

"దీనికి జత లేకుండా పోతుంది కదా సార్," అన్నాడు ప్రభుదాసు.

"కొత్తది తెప్పిద్దాం. అప్పటిదాకా నెలకోసారి కాపీ తీసి పెట్టు."

కొత్తది రాలేదు. అడగాల్సిన ప్రభుదాసు అడగలేదు. ప్రభుదాసు తల్లికి మందులు ఇంకా ఫణీంద్రే కొనిస్తున్నాడు.

మినుము పీకే రోజులు వచ్చాయి. ఒక ఉదయం నాగవల్లి ఎప్పటిలాగే ఫోన్లు చేసి, పేజీ తెరిచి ఒక్క వాక్యం మార్చింది. రేవు ఆసుపత్రిలో మందు అయిపోయింది, కరకట్ట ఆసుపత్రికి వెళ్ళండి. మార్చాక మళ్ళీ తెరిచి సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. సరిగ్గానే పడింది. బడికి వెళ్ళిపోయింది.

ఆవిడ పాఠం చెబుతూ ఉండగా నా ఒంటరి డిస్కు గరగరమని, ఆగిపోయింది. ముందు గదిలో ఫోన్లు మొదలయ్యాయి. చీరల కొట్టు, పేరయ్య, కోచింగ్ సెంటరు. ఫణీంద్ర వెనక గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. ప్రభుదాసు అప్పటికే పాత డిస్కు ఒకటి బిగించి, చేతిలో కాపీ పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, ఇది పోయిన నెల కాపీ. ఇది ఎక్కిస్తే సైట్లన్నీ నెల వెనక్కి పోతాయి. మరమ్మతులో ఉందని బోర్డు పెడదాం. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి చెబుదాం."

"ఎక్కించు."

"ఆ టీచరమ్మ సైటు ఉంది సార్ ఇందులో."

"ప్రభూ, ఆగిపోయిందని బోర్డు పెడితే రేపటికి ఒక్కడూ మన దగ్గర ఉండడు. పాతదైతే ఎవడు గమనిస్తాడు? సైటు కనిపిస్తే చాలు వాళ్ళకి. ముందు ఎక్కించు, మధ్యాహ్నం నేను అందరికీ చెబుతాలే."

ప్రభుదాసు ఎక్కించాడు. ఫోన్లు ఆగిపోయాయి. ఫణీంద్ర మొహం కడుక్కుని ఫ్యాను కింద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎవరికీ చెప్పలేదు.

ఎండ ఎక్కాక పాము మందును ఎవరో తెరిచారు. నేను పేజీ పంపాను. పైన ఆనాటి తేదీ. కింద పోయిన నెల మాట: రేవు ఆసుపత్రిలో మందు ఉంది. ఎప్పటిలాగే తడుముకోకుండా పంపాను. వాళ్ళు ఒక్కసారే తెరిచారు. నమ్మినవాళ్ళకు రెండోసారి అవసరం ఉండదు.

మరునాడు తెల్లవారగానే నాగవల్లి అక్కడ ఏముందో చదవకుండానే, యథాప్రకారం పేజీలో కొత్త మాట రాసింది. దానితో పాత మాట చెరిగిపోయింది. ఇక మా ఆఫీసు బయట సాక్ష్యం ఏమైనా ఉందంటే అది దీవిలో ఒక ఫోనులో ఉన్న ఫొటో మాత్రమే.

వారం తిరక్కుండా ఆ ఫొటో మా ఆఫీసుకు వచ్చింది. ఆ ఫోను ఏడుకొండలుది. కూలి మనిషి, గడ్డం గీసుకోలేదు, చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు. ఆయన వెనకే నాగవల్లి. ఆయన భార్య సామ్రాజ్యం మినుము కట్టె కుప్ప ఎత్తుతుంటే తాచుపాము చేతిమీద కరిచింది. ఆయన సైటు చూసి, ఆ తెరను అలాగే ఫొటో తీసి తమ్ముడికి పంపి, పక్కింటాయనతో కలిసి బండి మీద ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని రేవు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ మందు లేదన్నారు. వెనక్కి తిప్పారు. కరకట్ట చేరేలోపు ఆమె కళ్ళు మూతలు పడ్డాయి, తర్వాత ఊపిరి ఆగింది.

"ఆ రోజు పొద్దున నేను మార్చాను ఫణీంద్ర గారూ. రేవులో లేదనే రాశాను. ఇందులో చూడండి, ఉందని ఉంది. ఎలా వచ్చింది?" అని అడిగింది నాగవల్లి.

ఫణీంద్ర ఫొటో చూశాడు. ప్రభుదాసు వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క మాట చాలు, ఇద్దరిలో ఎవరన్నా సరే.

ఫణీంద్ర కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాడు. "ఆ రోజు రికార్డు చూడండక్కా. సైటు ఆగితే ఎర్రగీత పడేది, మొత్తం పచ్చగానే ఉంది. మీ సైటు ఒక్క నిమిషం కూడా ఆగలేదు." ఉదయం ఆగిన కాసేపు అందులో ఎందుకు లేదో ప్రభుదాసుకు తెలుసు. తుడిచింది అతనే. "మార్చి సేవ్ నొక్కడం మర్చిపోయారేమో. పొద్దున్నే బడి హడావుడి కదా. మా చీరల కొట్టాయన కూడా ఇలాగే అన్నాడు, తర్వాత తనే మర్చిపోయానన్నాడు."

"నొక్కానండీ. నొక్కి, మళ్ళీ చూశాను కూడా."

"తేదీ ఆ రోజుదే కదక్కా పైన."

నాగవల్లి ఫొటోను మళ్ళీ చూసింది. తేదీ ఆ రోజుదే.

ఏడుకొండలు ముందుకొచ్చాడు. "ఏ పెట్టెలో ఉంటదండీ ఆ మాట?" అని అడిగాడు. ఫణీంద్ర నన్ను చూపించాడు. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను.

"దీన్దేవుంది. రాసింది సూపిత్తది," అని వెనక్కి తిరిగాడు. "రాసింది మీరే గదమ్మా. ఊరంతా మీ మాటే నమ్మాం గదా. మా పక్కింటోడు రెండింటికీ ఫోన్ సేద్దాం ఆగరా అన్నాడు. టీచరమ్మ రాసిందిరా, ఇంకెందుకు అన్నాను నేను."

నాగవల్లి గోడకు ఆనుకుంది. ఫణీంద్ర గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది, తాగలేదు.

"నొక్కాననే అనుకున్నాను," అంది చివరికి. "నిన్నా మొన్నా నొక్కింది ఆ రోజు నొక్కినట్టు గుర్తుందేమో."

అప్పుడే తెలిసింది నాకు, మనిషి జ్ఞాపకం కూడా చెరిపి తిరగరాయవచ్చని. దానికి నలుగురూ చూస్తున్న గది, పచ్చగా ఉన్న ఒక తెర చాలు.

ఫణీంద్ర ఆ పూట అన్నం తినలేదు. మరునాడు తిన్నాడు. తల్లి కోలుకున్నాక ప్రభుదాసు వేరే చోట మంచి ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఫణీంద్ర అతన్ని కౌగిలించుకున్నాడు.

నాగవల్లి ఆ వారంలోనే పొద్దుటి ఫోన్లు మానేసింది. పేజీలోని ఆసుపత్రుల పేర్లు తీసేసి, కొత్త మాటలు రాసింది: "నా అజాగ్రత్త వల్ల ఒక ప్రాణం పోయింది. నన్ను నమ్మవద్దు. క్షమించండి." సేవ్ నొక్కి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంది. ఎన్నిసార్లో.

ఇప్పుడు నేను ఆటోనగర్లో ఒక పాతసామాన్ల కొట్టులో ఉన్నాను. మూత ఒకచోట, ఫ్యాన్లు ఒకచోట. రాగి తీగల కోసం రేపో ఎల్లుండో మిగిలింది కూడా విప్పుతారు. యంత్రాలకు బాధ ఉండదని మనుషులు అనుకుంటారు, అలాగే అనుకోనివ్వండి. నాకు మిగిలింది, ఆఫీసులో నన్ను ఆపేసిన సాయంత్రానికి ముందు, పేజీ కోసం వచ్చిన ఒక పిలుపు మాత్రమే.

దీవి వైపు నుంచి ఒక ఫోను పాము మందును తెరిచింది. నేను నాగవల్లి క్షమాపణ పంపాను. వెంటనే మళ్ళీ తెరిచారు. మళ్ళీ క్షమాపణ. పేజీ మారుతుందేమోనని కాబోలు, ఆ ఫోను ఆగకుండా అడుగుతూనే ఉంది. ప్రతిసారీ అదే పంపాను. నా దగ్గర అదే ఉంది.

కాసేపటికి ఆ ఫోను అడగడం మానేసింది.