రెండు కడ్డీల హీటరూ, ఏడు గజాల పేటియా

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అన్నారు పెద్దలు. చలి ఏమెరగదో మాత్రం చెప్పకుండా వదిలేశారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ మార్గశిరంలో టేకులపల్లిలో, పైన సిమెంటు రేకులు, కింద నాపరాళ్ళు ఉన్న అద్దె ఇంట్లో కాపురం చేసి ఉండరు. చేసి ఉంటే చలి గురించే ముందు చెప్పేవారు.

జ్యోత్స్న పుట్టి పెరిగింది మధిరలో. వాళ్ళ నాన్నది రైల్వేలో గ్యాంగుమన్ పని. అక్కడ చలికాలమంటే పల్చటి దుప్పటి తీసి మందపు దుప్పటి వేసుకోవడం, అంతే. ఇక్కడ అడవి ఊరి అంచుదాకా వచ్చి నిలబడుతుంది. పొద్దు వాలిందంటే చాలు, ఆ చెట్ల కిందనుంచి చలి బయల్దేరి తిన్నగా వాళ్ళ ఇంటికే వస్తుందని ఆమె నమ్మకం. ఇంట్లో ఉన్నంతసేపూ నైటీ, నైటీ మీద మొగుడి ఖాకీ స్వెట్టరు, దాని మీద భుజాల చుట్టూ తువ్వాలు, కాళ్ళకు పాత మేజోళ్ళు. భర్త రాజేష్ ఆర్టీసీ కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి గడపలో ఆగి, ఈ మూటలో మా ఆవిడ ఎక్కడుందో చెప్పండని అడిగేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, ఇంట్లో అయిదు నెలల పాప ఉంది. జ్యోత్స్న రెండుసార్లు డీఎస్సీ రాసి, రెండోసారికి టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. ప్రసూతి సెలవు అయిపోయింది. ఇంకా సెలవు పెడితే ఉద్యోగమే ఉండదేమోనని భయం. అందుకని కార్తీకం చివర రాజేష్ వెళ్ళి తండానుంచి వాళ్ళమ్మను తీసుకొచ్చాడు. మామ దేవ్లా పత్తి చేనుకూ మేకలకూ కాపలాగా తండాలోనే ఉండిపోయాడు.

అత్త చాంది బస్సు దిగి వీధిలోకి వస్తుంటే ఆ వీధి వీధంతా తల తిప్పింది. ఒంటిమీద ఏడు గజాల ఎర్రటి పేటియా. పేటియా అంటే తండా ఆడవాళ్ళు కట్టే లంగా. లంగా అంటే సరిపోదు, మోయడానికి ఓపిక కావాలి. ముతక గుడ్డ, దాని మీద అతుకు మీద అతుకు, అతుకుల మధ్య రూపాయి బిళ్ళంత అద్దాలు. పెళ్ళికి ముందు రెండేళ్ళపాటు తల్లీ తనూ కూర్చుని కుట్టుకున్నదట. తండాలో ఆమె ఈడువాళ్ళు కూడా చాలామంది చీరల్లోకి మారిపోయారు. చాంది మారలేదు. జ్యోత్స్నవాళ్ళదీ తండా మూలమే అయినా, తల్లి మధిర వచ్చినప్పుడే పేటియా మానేసింది కాబట్టి జ్యోత్స్నకు ఆ బట్టలు ఫోటోల్లో తప్ప తెలియవు.

పాప మాత్రం నాయనమ్మ ఒళ్ళో పడగానే ఏడుపు మానేసింది. ఆ పేటియా మడతల్లో కూరుకుపోయి కోడిపిల్లలా నిద్రపోయింది. జ్యోత్స్న ధైర్యంగా బడికి వెళ్ళింది.

వారం తిరక్కుండానే అసలు సంగతి జరిగింది. వేంసూరునుంచి బదిలీ మీద వచ్చిన సుజన అనే టీచరు ఒక ఆదివారం పాపను చూడటానికి వచ్చింది. మంచి మనిషే, నోరు కాస్త ముందు నడుస్తుంది. చాంది టీ తెచ్చి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. సుజన ఆ అద్దాల వైపు ముచ్చటగా చూసి, ఆయాను బాగా సంపాదించావు, తండావాళ్ళు పిల్లల్ని ప్రాణంగా చూసుకుంటారట అంది. కాదు, ఈమె మా అత్త అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో జ్యోత్స్న టీ కప్పు వైపు చూసింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. కప్పులో టీ అయిపోయేసరికి మాట మార్కుల రిజిస్టర్ల మీదికి మళ్ళింది.

ఆ సాయంత్రం ఆమెకు తనమీద తనకే కంపరం పుట్టింది. కంపరం పుట్టినవాళ్ళు చేయాల్సింది తప్పు దిద్దుకోవడం. కానీ మనుషులు అలా చేయరు గదా, తప్పును గుర్తుచేసేదాన్ని కళ్ళముందునుంచి తీసేయాలని చూస్తారు. జ్యోత్స్న కూడా అదే చేసింది. పాపను ఎత్తుకుని నిలబడి, ఎటో చూస్తూ అంది.

"అత్తమ్మా, ఈ అద్దాలు పాపకు గీసుకుంటాయేమో. లేత చర్మం గదా. కొన్నాళ్ళు చీర కట్టుకోరాదూ?"

చాంది పాప బుగ్గలు రెండూ వేలితో తడిమి చూసింది. గీత లేదు, గీరు లేదు. "అవ్ బిడ్డా" అంది, అంతే. మర్నాడు జ్యోత్స్న ఇచ్చిన పాలిస్టరు చీర కట్టింది. పేటియా మడతపెట్టి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. రాజేష్ ఆశ్చర్యపడ్డాడు గానీ, పాప కోసం అనగానే అడగడం మానేశాడు.

చీర ఏం చేస్తుంది పాపం, గాలికి ఎగరడానికి పుట్టిన గుడ్డ. నలభై ఏళ్ళు ఆ బరువు కింద వెచ్చగా ఉన్న కాళ్ళకు ఒక్కసారిగా దిక్కు లేకుండా పోయింది. చాంది మోకాళ్ళు గుండెలకు ఆనించుకుని, నాపరాయి మీద గోనెపట్టా వేసుకుని కూర్చునేది. మూడోరోజుకు దగ్గు పట్టుకుంది. పదోరోజుకు, తండాకు పోతా, అక్కడ నెగడన్నా ఉంటదని కొడుకుతో అంది. మీ నాయనకు కబురుపెట్టు, వచ్చి తీసుకపోతడు అని కూడా అంది.

జ్యోత్స్న వేళ్ళమీద లెక్క వేసుకుంది. అత్త వెళ్తే పాపను చూసేవాళ్ళు లేరు. పాపను చూసేవాళ్ళు లేకపోతే ఉద్యోగం లేదు. వెంటనే రాజేష్‌ను కొత్తగూడెం పంపించి రెండు కడ్డీల హీటరు తెప్పించింది. చీర మాట ఎత్తకుండా చలిని వెళ్ళగొట్టే ఉపాయం అదొక్కటే తోచింది.

మొదటిరోజు ఇల్లంతా పండగ. రెండో రోజుకు పాప పెదాలు పగిలాయి, ముక్కు దిబ్బడ వేసింది. మీటరు చక్రం గిరగిరా తిరుగుతుంటే రాజేష్ దాని ముందు నిలబడి లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. చాందికి ఆ ఎర్రటి కడ్డీలను చూస్తే భయం. పగలంతా వేసి ఉంచమని జ్యోత్స్న చెప్పి వెళ్ళేది. సాయంత్రం వచ్చేసరికి అది చల్లగా, మీద గుడ్డ కప్పుకుని, మూలన ఉండేది. గట్టిగా అడిగితే చాందిది ఒకటే మాట.

"గోడలను ఎచ్చగ జేసుడు ఎందుకు బిడ్డా? మనుషులు ఎచ్చగుంటే సాలదా?"

చీరలో మనుషులు ఎలా వెచ్చగా ఉంటారని జ్యోత్స్న మనసులోనే అనుకుంది. పైకి అంటే మాట చీర మీదికి వస్తుంది. అయితే చిత్రం, ఇంకో వారానికి దగ్గు తగ్గింది. తండాకు పోతానన్న మాట ఆగింది. తాను చూడనప్పుడు ముసలామె హీటరు వేసుకుంటోందని జ్యోత్స్న సంతోషించింది. పాపకు కొత్త ఆటవస్తువు కూడా ఒకటి వచ్చింది. మూత బిగించిన పాత పౌడరు డబ్బా. ఊపితే గలగలమంటుంది. చింతగింజలు పోసి ఉంటుందనుకుని జ్యోత్స్న దాన్ని పట్టించుకోలేదు.

పుష్యం వచ్చాక ఒకరోజు పొద్దుటినుంచీ ముసురు. టీచర్లందరికీ టేకులపల్లి హైస్కూల్లో మీటింగు పెట్టారు. మధ్యాహ్నానికే అయిపోయింది. బస్సు వచ్చేదాకా మీ ఇంట్లో కూర్చుంటానని సుజన వెంట వచ్చింది. వద్దనడానికి జ్యోత్స్నకు కారణం దొరకలేదు. ఈ ముసురులో అత్త హీటరు వేసిందో, భయపడి ఆర్పేసి పాపను చలిలో పెట్టిందోనని దారి పొడుగునా ఆమె బెంగ.

తలుపు లోపల గడియపెట్టి ఉంది. కొట్టింది. లోపల ఏదో సర్దుతున్న చప్పుడు. మళ్ళీ కొట్టింది. అప్పుడు గడియ తీసిన చాంది ఒంటిమీద ఎర్రటి పేటియా ఉంది. విప్పి చీర కట్టుకునే టైము చిక్కలేదు. పాప ఆ కుచ్చిళ్ళ మడతలో నడుం దాకా దూరి, చంకన నిద్రపోతోంది. వెచ్చదనానికి చెంపలు ఎర్రబడి ఉన్నాయి. హీటరు మూలన గుడ్డ కప్పుకునే ఉంది.

చాంది కోడలి మొహం చూసింది. కోడలి వెనక నిలబడిన సుజనను చూసింది. ఆమె కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. తర్వాత తల వంచుకుని, చాలా మర్యాదగా అంది.

"తప్పయింది మేడమ్. మీరు లేనప్పుడు ఏసుకున్న. అద్దాలన్ని తీసేసిన మేడమ్, సూడుండ్రి. పాపకు గీసుకోవు."

సొంత అత్త నోట మేడమ్ అన్న మాట విన్న కోడలు ఈ భూమ్మీద ఎంతమంది ఉంటారో తెలియదు. జ్యోత్స్న విన్నది. విని పేటియా వైపు చూసింది. అద్దం అన్నది ఒక్కటీ లేదు. వాటి చోట గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి. చుట్టూ గుడ్డ ఎండకు వెలిసిపోయి ఉంటే, ఆ మచ్చల్లో మాత్రం ఎరుపు కొత్త గుడ్డలా ఉంది. ఒక్కో మచ్చ చుట్టూ సూది చేసిన చిల్లులు. వందా, నూటయాభయ్యా, ఎన్నో.

సుజన వెనకనుంచి, పోనీలే ఆయా, చలికి వేసుకుంటే తప్పేముంది అంది.

"ఆయా కాదు సుజనా." జ్యోత్స్న వెనక్కి తిరిగి సుజన వైపే చూసింది. "మా అత్తమ్మ. రాజేష్ వాళ్ళమ్మ. ఆ రోజే చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు."

సుజన చెప్పులు విప్పి లోపలికి వచ్చి, చాంది చేతులు పట్టుకుని, క్షమించమ్మా, నాకు తెలియదు అంది. చాంది నవ్వి, ఆమెకు కూర్చోవడానికి పీట వేసింది. బస్సు వేళయ్యేదాకా సుజన పాపను చూస్తూ కూర్చుంది. వెళ్ళేముందు జ్యోత్స్నను ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటేనే బాగుండేదని జ్యోత్స్నకు అనిపించింది.

తలుపు మూసి వచ్చి ఆమె అత్త ముందు నాపరాయి మీదే కూలబడింది. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"ఆ రోజు వంటింట్లోంచి విన్నావా అత్తమ్మా?"

"ఇల్లు ఎంతుందని ఇనపడకుంట ఉండేటందుకు" అంది చాంది.

"మరి నాకు ఒక్కమాట అనలేదేం? అద్దాలెందుకు తీశావు? పాపకు గీసుకుంటాయన్నది అబద్ధమని నీకు తెలియదా?"

చాంది పాపను పేటియాతో పాటు ఒళ్ళో సర్దుకుంది.

"నలుగురు పిల్లలను గీ పేటియలనే పెంచిన. ఒక్కని మొహం మీద గీత పడలే. నీ సిగ్గు నాకు తెల్వదా బిడ్డా? నువ్వు పట్నం పిల్లవు. గాని నువ్వు పాప పేరు చెప్పినవ్. చీరకేమో చలి ఆగుతలేదు. పేటియ ఏసుకోవాలె, నీ మాట కూడ అబద్ధం కావద్దు. గందుకే తీసేసిన. రోజుకు పది తీసిన."

పాప కదిలి, నిద్రలోనే చేయి చాపింది. పక్కనున్న పౌడరు డబ్బా దొర్లి గలగలమంది. ఆ చప్పుడు జ్యోత్స్న మూడు వారాలుగా వింటున్నదే. ఆమె డబ్బా అందుకుని మూత తీసింది. చింతగింజలు కావు. అద్దాలు. ఒక్కటి కూడా పగలకుండా, శుభ్రంగా తుడిచి పోసినవి. తాను సిగ్గుపడి పక్కకు నెట్టినదాన్నే ఇన్నాళ్ళూ తన బిడ్డకు ఆటగా ఇచ్చి నవ్విస్తోంది ఈ మనిషి.

జ్యోత్స్న లేచి వెళ్ళి సూదీ, ఎర్రదారం ఉండా తెచ్చింది. తెచ్చి అత్త చేతిలో పెట్టబోయింది. మళ్ళీ కుట్టుకో అత్తమ్మా, ఇంట్లోనూ వీధిలోనూ ఇదే కట్టుకో అంది. చాంది సూదిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. రెండో కన్ను మూసి చూసింది. తర్వాత సూది కోడలికే ఇచ్చేసింది.

"తీసేటందుకు కండ్లు అక్కర్లే బిడ్డా, చేతి ఏళ్ళు సాలు. కుట్టేటందుకు కండ్లు గావాలె. నాకు ఆనుతలేవు."

అంటే ఆమె ప్రతి అద్దమూ ఇక తిరిగి కుట్టుకోలేనని తెలిసే తీసింది. ఆ సంగతి అర్థమయ్యాక జ్యోత్స్నకు కాసేపు దారం కనబడలేదు. ముక్కు చీదుకుని, కొస తడిపి, మూడోసారికి ఎక్కించింది. పాపను కదపకుండా అత్త మోకాలి దగ్గర పేటియా అంచు పట్టుకుని, ఒక ఎర్రటి మచ్చ మీద అద్దం ఆనించి సూది గుచ్చింది. ఆ బరువైన గుడ్డ ఒక కొస తన కాళ్ళమీద పడింది. మేజోళ్ళు, స్వెట్టరు, హీటరు ఇవ్వని వెచ్చదనం ఏదో అక్కడ తగిలింది.

"గట్ల గాదు, అద్దం జారుతది" అంది చాంది, కోడలి వేలు పట్టుకుని. "ముందుగాల అడ్డం రెండు, నిలువు రెండు. ఆ తర్వాత చుట్టు తిప్పు."

రాజేష్ డ్యూటీ దిగి వచ్చేసరికి నాలుగు అద్దాలు పడ్డాయి. నాలుగూ వంకరే. ఆ రాత్రే హీటరు అటకెక్కింది, ఆ ఏడాది మళ్ళీ కిందికి దిగలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. అద్దాలు అప్పటికి సగం కూడా కాలేదు.