బీచ్‌లో నడిచి తగ్గిన మనిషి

రెండు నెలల్లో ఇరవై నాలుగు కిలోలు తగ్గిన ఢిల్లేశ్వరరావు పేరు పలాసంతా మోగిపోయింది. ఆయన కొట్టుకి జీడిపప్పు కోసం వచ్చినవాళ్లు పప్పు సంగతి వదిలేసి, పొట్ట ఎలా కరిగిందో చెప్పమనేవారు. విశాఖ వెళ్లి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నానని, కడుపు కోయించి అరటికాయంత చేయించుకున్నానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. తిండి మానలేక కడుపే కత్తిరించుకున్నాడని నవ్వరూ? "విశాఖ బీచ్‌లో నడిసినాను" అన్నాడు. పోనీ అక్కడితో ఊరుకున్నాడా? చేతులు ఎలా ఊపాలో కొట్టు ముందు నడిచి మరీ చూపించాడు. వీధి చివరికి వెళ్లొస్తే ఆయాసపడే మనిషి.

ఆ మాట అందరికన్నా ముందు నమ్మినవాడు గౌరీశంకర్. కొబ్బరికాయల వ్యాపారి, వరసకి బావ, చాలాకాలంగా షుగర్ ఉన్నవాడు. మర్నాటి నుంచే కాశీబుగ్గ వైపు నడక మొదలెట్టాడు. ఆయన్ని చూసి వీధిలో ఇంకొందరూ బయల్దేరారు.

నెల తిరిగేసరికి ఢిల్లేశ్వరరావుకి జ్వరం, కడుపులో పోటు. లోపల కుట్టు దగ్గర చిల్లు పడి కారుతోందన్నారు విశాఖ డాక్టర్లు. నోట్లోంచి కెమెరా గొట్టం దింపి, చిల్లుకి అడ్డంగా స్టెంట్ అనే జాలీ గొట్టం అమర్చారు. ఆరు వారాలు అది లోపలే ఉండాలి, పలచటివే తాగాలి. ఇంటికొచ్చి పప్పుకట్టు చెంచాలతో తాగుతూ కూడా, చిల్లు సంగతి ఎలాగూ ఊరంతా పాకింది, ఆపరేషన్ సంగతి కూడా తెలిసిపోతుందేమోనన్నదే ఆయన బెంగ. తన బుద్ధికి తనకే నవ్వొచ్చింది. నవ్వితే ఛాతీ పట్టేసింది.

గౌరీశంకర్ చూడ్డానికి వచ్చాడు.

"కడుపుకి సిల్లు పడిందట కదా బావా. మరి నానూ నడక మానేసినాను. జోరుగా నడిత్తే లోపలంతా ఊగిపోయి సిల్లు పడతాదని అందరూ అనుకుంతన్నారు. మన వీధిలో ఒక్కడూ నడవట్లేదు."

"నీ సుగరో?"

"నడిసినన్నాళ్లూ దిగింది. ఇప్పుడు మూడొందలు దాటింది. పర్లేదులే, సిల్లు కన్నా అదే నయం."

ఢిల్లేశ్వరరావు గుమ్మంలో నిలబడ్డ భార్య నాగమణి వైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టేయించుకున్నది తనే. ఇంకో అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ తన పరువు కోసం ఈ అమాయకుడు కాలో కన్నో పోగొట్టుకుంటాడని భయం వేసింది. చిల్లు పడిందన్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

"బావా, నాను ఒక్క రోజూ నడవలేదు. ఆపరేసన్ సేయించుకున్నాను. ఆ కుట్టు కాడే సిల్లు పడింది. బీచ్‌ని ఆస్పత్రి కిటికీలోంచి సూసినాను."

తిడతాడని ఢిల్లేశ్వరరావు తల దించుకున్నాడు.

"మరి నాను నాలుగు కేజీలు తగ్గినాను కదా," అన్నాడు గౌరీశంకర్, వదులైన చొక్కా పొట్ట దగ్గర పట్టి చూపిస్తూ. "నడిసే తగ్గినాను."

ఢిల్లేశ్వరరావుకి సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నడిత్తే నిజంగానే తగ్గుతారేటి బావా?" అని అడిగాడు.