పెద్ద స్పీకర్లున్న కీబోర్డు

"నీకో కీబోర్డు కొందాం," అన్నాడు మా ఆయన. నేను అంట్లు తోముతున్నాను. నాతోనేనా అని వెనక్కి తిరిగి చూశాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఈ మనిషి అడక్కుండా నాకు కొనిపెట్టింది ప్రెషర్ కుక్కరొక్కటే, అదీ పాతదాని విజిల్ తన చెవికి పడట్లేదని. బస్సులో పనికి పోతూ ఫోన్లో బాణీలు కట్టుకుంటానని తెలిసినప్పుడు, "ఇంకేం, అవార్డులు వరస కడతాయి" అని నవ్వాడు. "వంటింట్లో కూనిరాగాలు చాలవా తల్లీ" అని అత్తగారు అందుకుంది. అలాంటిది ఇప్పుడు కీబోర్డట. సంతోషం వెయ్యాలి కదా, నాకు అనుమానమేసింది.

మనిషి మంచిగా ఉంటే ఓర్వలేవా, నీదేం బుద్ధే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా మనసు ఊరుకోదే. టీ తనే పెట్టుకుంటున్నాడు, గ్లాసు కడిగి బోర్లిస్తున్నాడు కూడా. వాళ్ళమ్మ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. మొన్నటిదాకా నా ముందే ఆవిడతో మాట్లాడేవాడు, ఇప్పుడు ఫోన్ మోగితే బాల్కనీలోకి పోతున్నాడు. నేను కళ్ళజోళ్ళ ల్యాబులో అద్దాలు అరగదీస్తాను. ఆ పని మీద ఈమధ్య తెగ జాలి. "ఆ వేళ్ళు వాయించడానికి పుట్టాయి, అక్కడ పాడుచేసుకుంటున్నావు" అంటాడు. అంట్ల దగ్గర మాత్రం పాడవ్వవు కాబోలు. ఏదో మతలబుందని తెలుస్తూనే ఉంది, అదేమిటో అంతుపట్టక ఒళ్ళు మండుతోంది.

కీబోర్డులమ్మే షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎలా కడతారు బాణీలు అని షాపాయన అడిగాడు. చెప్పాను. అయితే కంప్యూటరుకి తగిలించే చిన్న కీబోర్డు చాలన్నాడు. దానికి సొంత గొంతు ఉండదట, సాఫ్ట్‌వేరే పలుకుతుందట, సంచిలో పడేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చట. హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించాడు. బస్సులో కట్టుకున్న బాణీ ఒకటి మెల్లగా నొక్కాను. నేను కట్టిందేనా ఇది? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సిగ్గేసి తల వంచుకున్నాను.

మా ఆయన వచ్చి హెడ్‌ఫోన్లు తీసేశాడు. అది వద్దట. గోడ పక్కనున్న పెద్దది కావాలట, స్పీకర్లు దాంట్లోనే ఉన్నది, స్టాండుకి బిగించేస్తే ఇక కదలనిది. హాల్లో ఖాళీ గది గుమ్మానికి ఎదురుగా పెట్టిద్దాం, కొలిచాను కూడా అన్నాడు. ఆ గుమ్మానికే ఎందుకు ఎదురుగా? షాపాయనకీ వింతగానే ఉన్నట్టుంది. వచ్చిన మగవాళ్ళందరూ ముందు హెడ్‌ఫోన్లే అడుగుతారండీ, ఇంట్లో గోల ఉండదని, అన్నాడు.

"చెవులు మూసుకుని కూర్చుంటే అమ్మ పిలిచింది ఎలా వినపడుతుందండీ?" అన్నాడు మా ఆయన.

అని, నాలుక కరుచుకున్నాడు.

అక్కడే కూర్చుని అత్తగారికి ఫోన్ చేశాను. ఆయన వద్దు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అంటూనే ఉన్నాడు. ఆవిడ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

"ఉద్యోగం మానేస్తున్నావటగా అమ్మా, సంగీతం కోసం. నా కోసం మాన్పించకురా, మనిషిని పెట్టు అని వాడితో అన్నాను. కాదమ్మా, తనే ముచ్చటపడుతోంది, నెలాఖరుకి మానేస్తోంది అన్నాడు. నువ్వు ఇంట్లోనే ఉంటావన్నాకే ఆసుపత్రి నుంచి మీ ఇంటికి వస్తానన్నాను."

పాపం, ఆవిడ మీద కోపం రాలేదు. నా ఇష్టాన్నే ఎరగా వేసి నన్ను పట్టబోయిన మనిషి మీద వచ్చింది. ఆ ఉద్యోగం పోతే నాకు జీతమొక్కటే పోదు, ఆ బస్సూ పోతుంది. పొద్దున్నా సాయంత్రం ఎవరూ నన్ను పిలవనిది ఆ కాసేపే. నేను కట్టిన ప్రతి బాణీ అక్కడ కట్టిందే. కీబోర్డు ఇచ్చి పాట లాక్కుంటాడా?

ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"తప్పకుండా రండత్తయ్యా. నేను మాత్రం ఉద్యోగం మానట్లేదు. మీ దగ్గర ఉండటానికి ఎవరు మానుతున్నారో మీ అబ్బాయి చెప్తాడు, ఇదిగో," అని ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.