గోనెపట్ట వెనక జేబు

కుట్టుపనిని మగవాడు పట్టించుకోడనీ, సైనికుడైతే అసలే పట్టించుకోడనీ సైనిక పాలనలో ఉన్న సాంతియాగో నగర శివారు పేటలో అందరి నమ్మకం. చర్చి వెనక గదిలో పద్నాలుగుమంది ఆడవాళ్ళు గోనెపట్టల మీద గుడ్డపీలికలతో బొమ్మలు కుట్టి విదేశాలకు పంపుతున్నది ఆ నమ్మకం మీదనే. పైన సూర్యుడూ మంచుకొండలూ, కింద తమ ఇళ్ళలో జరిగిన సంగతి. ఇప్పటికి మూడు తనిఖీల్లో గండం గడిచింది. మూడుసార్లు గడిచినది నాలుగోసారీ గడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరని ఆ ఆడవాళ్ళలో ఒకరైన ఎడెల్మీరాకు తెలుసు. అందుకే ఆ శనివారం ఉదయం తాను కుట్టిన గోనెపట్టను చర్చికి చేర్చడానికి బుట్ట అడుగున పరిచి, పైన రొట్టెలు పేర్చింది.

పోయిన జూలైలో ఆమె కొడుకు లౌతారోను సైనికులు తెల్ల వ్యానులో ఎక్కించుకుపోయారు. మళ్ళీ జాడ లేదు. పట్ట మీద వాడి బొమ్మను వాడి నీలం చొక్కా చేతి గుడ్డతోనే కుట్టింది. వ్యాను వెనక నంబరు నాలుగంకెలనూ నల్లదారంతో కుట్టింది.

పక్కింటి ఓతీలియా కంచె దగ్గర నిలబడి సాగనంపింది.

"తుపాకీ గొట్టంలోంచి చూసేవాడికి సూది బెజ్జం కనిపిస్తుందా వదినా? దిగులుపడకు. ఇంతకీ చీటీలో ఏం రాశావు?"

"జరిగింది రాశాను."

"నీ కోడిగీతలు ఎవరు చదువుతారులే."

ప్రతి పట్టకూ వెనక చిన్న జేబు ఉంటుంది. కుట్టినామె జరిగినదాన్ని రెండు ముక్కల్లో రాసి అందులో పెడుతుంది. ఎవరి పేరూ రాయకూడదన్నది ఆ గదిలో మొదటి కట్టుబాటు. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చిన ఎడెల్మీరాకు మాత్రం పేరు లేని సాక్ష్యం సాక్ష్యంలా తోచలేదు. పక్కింటి ఓతీలియా కిటికీలోంచి చూసి నంబరు చెప్పిందని వీధి పేరుతో సహా రాసింది. వంతెన దగ్గర సైనికులు బస్సు ఆపినప్పుడు గానీ తాను చేసినదేమిటో ఆమెకు తట్టలేదు. చీటీ దొరికితే ఓతీలియాను కూడా తీసుకుపోతారు.

బస్సెక్కిన కార్పొరల్ రొట్టెలు పక్కకు నెట్టి పట్టను బయటికి లాగాడు.

"ఇదేమిటవ్వా?"

"కుట్టు, బాబూ."

అతడు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి తీరిగ్గా చూశాడు. పేటలోవాళ్ళ నమ్మకం అక్కడ తప్పింది. ఓతీలియా పేరున్న జేబు అతడి బొటనవేలి కిందే ఉంది.

"సూర్యుడు బాగున్నాడు. ఈ తెల్లది రొట్టెల బండా?"

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

"మా పాప మంచం పైన తగిలిస్తాను. ఇది నాకిచ్చెయ్."

అడగడంలా లేదు ఆ మాట. పట్ట పోతే పోయింది, చీటీ మాత్రం అతడి ఇంటికి చేరకూడదు. ఆ భయంలోనే ఆమెకు ఒక నిజం ఆసరాగా దొరికింది: చుట్టూ ఎర్ర ఉన్నితో అల్లే అంచు ఒక పక్కన ఇంకా జానెడు మిగిలి ఉంది.

"అంచు ముగియలేదు బాబూ. ఇలా తీసుకెళితే పోగులు ఊడిపోతాయి. జానెడు పని."

"కానియ్ మరి. బస్సు ఎక్కడికీ పోదు."

ఆమె ఆప్రాన్ జేబులోంచి క్రోషా సూది తీసింది. అతడు ఆమె చేతులనే చూస్తూ నిలబడ్డాడు. పట్టను ఒళ్ళో తిప్పుకునే నెపంతో రెండు వేళ్ళు వెనక జేబులోకి పోనిచ్చింది. గోరంత మడతగా ఉన్న చీటీ అరచేతిలోకి వచ్చింది. అంచును కొస దాకా అల్లి ముడి వేసింది.

దారం తెంచడానికి అతడు నడుముకున్న కత్తి తీసి అందించాడు.

"పళ్ళతోనే అలవాటు, బాబూ."

దారాన్ని నోటికి ఎత్తింది. దారంతోపాటు చీటీ కూడా నోట్లోకి పోయింది.

"నీ పేరేమిటి? ఎవరు కుట్టారని పాప అడిగితే చెప్పాలిగా."

నాలుక ఎండిపోయింది. కాగితం అంగిట్లో అంటుకుంది. అతడు మళ్ళీ అడిగాడు. ఆమె కళ్ళు మూసుకుని మింగింది. గొంతులో గీసుకుంటూ అది దిగింది.

"ఎడెల్మీరా."

అతడు పట్టను చుట్టి చంకలో పెట్టుకుని బస్సు దిగాడు. వ్యాను మీది నాలుగంకెలను అతడు చదవలేదు. బస్సు కదిలింది. ఎడెల్మీరా మూడో స్టాపులో దిగి, రొట్టెలు మాత్రమే ఉన్న బుట్టతో చర్చికి వెళ్ళింది.