బీరన్నకు ఎవరూ చెప్పని మాట

కల్వకుర్తికి మూడు కోసుల దూరంలోని ఒక ఊళ్ళో బీరన్న గొర్లు కాసేవాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి. మందలో నూట ముప్పై గొర్లుంటే, కళ్ళు మూసుకుని అరుపును బట్టి ఏది ఏదో చెప్పగలడు. మనుషులతో మాత్రం మాట తక్కువ. ఎవరి మొహంలోకీ చూడడు. ఏదన్నా అడిగితే అడిగిన మాటనే తిరిగి అంటాడు. తల్లి పోయాక అక్క బక్కమ్మే వాణ్ణి చూసుకుంటోంది.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున ఆడవాళ్ళు బావిలో నీళ్ళు చేదుకుంటున్నారు. బీరన్న గట్టు మీద కూర్చుని గోచి వదులు చేసి, ఎవరూ లేనిచోట మనిషి ఒంటరిగా చేసుకునే పని అక్కడే చేయసాగాడు. అంతకు నాలుగు రోజుల ముందే పొరుగింటి నర్సింగమ్మ చెయ్యి పట్టుకుని నిమిరితే, ఆమె బిందె పారేసి పరుగెత్తింది. ఈసారి మగవాళ్ళు వచ్చి కొట్టి, కొట్టంలో గుంజకు కట్టేశారు.

"పెండ్లి చేస్తె సక్కగైతడు" అన్నాడొకడు.

"ఇంకో ఆడిబిడ్డ గొంతు కోస్తరా?" అంది ఒక ముసలమ్మ.

బక్కమ్మ తమ్ముడి ముందు కూలబడింది. "ఎందుకు చేసినవురా గట్ల?"

"ఎందుకు చేసినవురా గట్ల" అన్నాడు వాడు, అచ్చం ఆమె గొంతుతోనే.

మేనమామ చెన్నయ్య వచ్చి కట్లు విప్పాడు. ఆయనా గొర్లకాడనే ముసలివాడైన మనిషి. "బిడ్డా, గిది నలుగురి ముంగట చెయ్యొద్దని వీనికెవరన్న చెప్పిన్రా?"

"గిది గూడ చెప్తరా మామా? అందరికి తెల్వదా?"

"నాకెట్ల తెలిసింది? మందకాడ తోటోళ్ళు గుసగుస పెడ్తుంటె ఇన్న. వాళ్ళు నవ్వితె సిగ్గుపడ్డ. వీని పక్కన ఎవడు కూసున్నడు? పుట్టినకాంచి వీడు సూసింది పొట్టేండ్లను. అవి ఎవర్ని సూసి దాసుకుంటయి?"

బక్కమ్మకు అప్పుడు తట్టింది. ఊరంతా గాలి పీల్చినట్టు నేర్చుకున్న సిగ్గు, తనతో ఒక్క పొయ్యి మీది కూడు తిన్న తమ్ముడిదాకా రానే లేదు.

చెన్నయ్య తిట్టలేదు, మాట దాచలేదు. "గిది పాపం కాదురా. గుడిసెల, తలుపేసుకొని, ఒక్కనివే ఉన్నప్పుడు. బయట కాదు. ఇంకోటి, ఎవర్నన్న ముట్టాలంటె వాళ్ళు సరే అనాలె. అనకుంటె కట్టెదూరం." చేతికర్ర అడ్డం పట్టి ఆ దూరం చూపించాడు. రెండు నెలలు రోజూ అవే మాటలు, అదే వరసలో చెప్పాడు.

బక్కమ్మ నర్సింగమ్మ ఇంటికి వెళ్ళింది.

"తెల్వక చేసిండంటె నా భయం అబద్ధమైతదా?" అంది నర్సింగమ్మ.

"కాదమ్మా. నువ్వు నీళ్ళకొచ్చే యాళ్లకు వాడు బావికాడ ఉండడు. నాది పూచి."

వానలు మొదలైన కొత్తలో బీరన్న ఒకసారి ఆ మాటలు మరిచాడు. చెన్నయ్య మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత మరవలేదు. అక్క కాలిలో ముల్లు తీయడానికి కూడా "ముట్టనా?" అని అడిగి, జవాబొచ్చేదాకా నిలబడేవాడు.

మరుసటేడు ముగ్గురూ గొర్లను తోలుకుని కల్వకుర్తి సంతకు వెళ్ళారు. అక్కడొక పటేలు బామ్మర్ది ఉల్లిగడ్డలమ్మే ఆమె మణికట్టు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆమె గుంజుకుంటోంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. బక్కమ్మ కూడా తిప్పుకుంది.

బీరన్న నడిచి వెళ్ళి, సరిగ్గా కట్టెదూరంలో ఆగాడు. "ఆమె సరే అనలే. చెయ్యి తియ్యి."

"ఎవనివిరా నువ్వు?"

"ఆమె సరే అనలే. చెయ్యి తియ్యి."

గొంతులో కోపం లేదు, భయం లేదు. గొర్రె పేరు చెప్పినట్టే చెప్పాడు. మూడోసారి అనేసరికి ఆ వరసలో బేరాలన్నీ ఆగిపోయాయి. అంతమంది కళ్ళు తన చేతి మీదే ఉన్నాయని తెలిసి, పటేలు బామ్మర్ది మణికట్టు వదిలి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బక్కమ్మ తిప్పుకున్న తలను మళ్ళీ తమ్ముడి వైపు తిప్పింది. చెన్నయ్య దేవుని గద్దె ముందర తీసినట్టు తలరుమాలు తీశాడు.

"వీనికొక్కనికే చెప్తున్న అనుకున్న బిడ్డా" అన్నాడు మెల్లగా.

బీరన్న అప్పటికే మంద దగ్గర కూర్చుని, కుంటుతున్న గొర్రె గిట్టలో రాయి ఉందేమోనని చూస్తున్నాడు.