పాటల వాళ్లు వచ్చే సాయంత్రం

పౌలురాజు దేశ రాజధానిలో, వసంత్ కుంజ్‌లోని కూతురింటికి వచ్చి వారం దాటింది. ఒక్క సాయంత్రమైనా ఆ ఇంట్లో కుదురుగా కూర్చున్నది లేదు. పగలు మ్యూజియం, చీకటి పడితే మండీ హౌస్‌లో నాటకం. హరప్పా కుండల ముందు నిలబడితే, ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పిన మనసు హుషారెక్కేది గాని, మోకాళ్లు మాత్రం ఏ నాగరికతనూ మన్నించేవి కావు. నాటకాలన్నీ హిందీలోనే. ప్రేమకుమారి ఆయన చెవిలో తెలుగు చేసి చెబుతూ చెబుతూ మధ్యలో తానే కునికేది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు మరి.

ఇద్దరికీ ఓపిక లేని ఈ తిరుగుడు ఎవరి కోసమో ఆయనకు అంతుపట్టలేదు. కూతురి ఎదుట ఒక్క సాయంత్రం ఊరికే కూర్చోవాలని ఉంది. తిరుగు రైలు ఎల్లుండే.

ఆ రోజూ ఆమె టిక్కెట్లు తెచ్చింది. ఇవాళ ఇంట్లోనే ఉందామని ఆయన అన్నా, విననట్టే బూట్లు తెచ్చి ముందు పెట్టింది. ఫోన్ చూసుకుంటున్న మనవరాలు ఆరాధన తలెత్తకుండానే అంది:

"మమ్మీ, నానాజీకో బతా దో నా. ఆజ్ కేరల్స్ వాలే ఆ రహే హైఁ."

తాతయ్యకు చెప్పేయమని, పాటల వాళ్లు ఇవాళే వస్తున్నారని. అప్పుడు బయటపడింది అసలు సంగతి. చర్చి బృందం క్రిస్మస్ పాటలు పాడుతూ ఈ వారమంతా ఇల్లిల్లూ తిరుగుతోంది. తమ ఇంటికి ఏ రోజు వస్తుందో ఇవాళ్టిదాకా తెలియక ప్రేమకుమారి రోజూ తండ్రిని బయటికి తీసుకుపోతోంది. ఆ బృందంలో పాడవలసిన తానూ మానుకుంది. పోయినేడు క్రిస్మస్‌కు తెనాలిలో, కేకు తింటున్న పాస్టర్‌గారిని పౌలురాజు, క్రిస్మస్ కథలోలాగా ఒక్క ఇంటి కప్పు మీద ఆగగలిగే నక్షత్రం ఏదని నిదానంగా అడిగారు. కేకు సగంలోనే ఆగిపోయింది.

"మళ్లీ అడుగుతానని భయపడ్డావా?"

"వాళ్లు నా వాళ్లు నాన్నా. మీరు వెళ్లాక నేను వాళ్ల మధ్యే ఉండాలి."

ఆయన బూట్లను కాలితో పక్కకు నెట్టారు. "నేను నమ్మను, అది మారదు. కానీ అడగను. అర్థం కాని నాటకం చూడటం కంటే, అర్థమయ్యే పాట వింటూ నోరు మూసుకోవడం తేలికే తల్లీ."

ఆమె టీ నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

చీకటి పడ్డాక బృందం వచ్చింది. అందరూ పాడుతున్నారు. వాళ్లతో కలిసి రెండో వరుసలో నిలబడిన ప్రేమకుమారి పెదాలు మాత్రమే కదులుతున్నాయి. చూపు తండ్రి మీదే ఉంది. ఆయన అది గమనించి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, నిద్రపోయిన మనిషిలా తల పక్కకు ఒరిగించారు.

రెండో చరణంలో ఆమె గొంతు విడిగా వినిపించింది. పై స్థాయిలోనూ వణకలేదు. ఇంకాసేపు విందామనుకున్నారు గాని, నిద్ర నిజంగానే వచ్చేసింది.